ఒకటి, ఒకటి, ఎనభై

రేపల్లెలో ఆ ఇంటి వసారా గదిలో కంప్యూటరు స్విచ్ వేసినప్పుడల్లా తెర మీద పడే తేదీ ఒకటే: 1980 జనవరి 1, మంగళవారం. నిన్న వేసినా అదే, వారం తర్వాత వేసినా అదే. ఇంటాయన దాన్ని పట్టించుకోడు, ఎంటర్ నొక్కేసి ముందుకు వెళ్లిపోతాడు. బాపట్ల నుంచి వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడికి మాత్రం ఆ తేదీ అన్నంలో రాయిలా పంటికి తగులుతూనే ఉంది. యంత్రం కొన్నది 1994లోనని మేనమామ చెబుతాడు. 1980 నాటికి అందులోని ఒక్క చిప్పు కూడా తయారై ఉండదు. తాను పుట్టకముందటి ఒక మంగళవారాన్ని పట్టుకుని అది ఎందుకు వేలాడుతోంది?

కారణం తెలియక కాదు. లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. యంత్రాన్ని నడిపే డాస్ ప్రతి ఫైలు పక్కనా తేదీ రాసుకునేటప్పుడు సంవత్సరానికి కేటాయించింది ఏడు బిట్లు. లెక్క 1980తో మొదలై 2107తో ముగుస్తుంది. ఐబీఎం తన మొదటి పీసీని విడుదల చేసింది 1981 ఆగస్టులో కాబట్టి అంతకు ముందటి ఫైళ్లకు తేదీలు వేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఏ రోజో తెలియనప్పుడు ఆ యంత్రం తన పంచాంగంలో మొదటి పేజీ తెరిచి పెడుతుంది. ఇంత తెలిసినా ఆ తేదీ మేనల్లుణ్ణి ఊరికే ఉండనివ్వలేదు. అన్నీ మరిచిపోయిన పెద్దమనిషి రోజూ ఒకే పాత రోజు పేరు చెబుతుంటే ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుంది? అలాగే ఉంది.

బ్యాటరీ పోవడంతో పోయింది తేదీ ఒక్కటే కాదు. తన హార్డ్ డిస్కు ఎంతదో కూడా ఆ యంత్రానికి గుర్తుండదు. అందుకే క్యాబినెట్ పక్కన ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో మూడు అంకెలు: 826, 16, 63. సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు. స్విచ్ వేసిన ప్రతిసారీ మేనమామ సెటప్‌లోకి వెళ్లి ఆ మూడు అంకెలూ చేత్తో కొడతాడు. అప్పుడుగానీ డిస్కు పలకదు. బీపీ మాత్రలు వేసుకున్నంత క్రమంగా ఆ పని చేస్తాడాయన.

మేనమామ తెనాలిలో ఇరవై ఏళ్లు కంపోజిటరు. సీసం అక్షరాలను కేసుల్లోంచి ఏరి స్టిక్‌లో పేర్చి, ట్రెడిల్ మీదికి ఫారం ఎక్కించిన చేతులవి. తర్వాత ప్రెస్సులో సీసం పోయి డీటీపీ వచ్చింది. పెళ్లి శుభలేఖలు, నాటక పోటీల ఆహ్వానాలు, కాలేజీ మ్యాగజైన్లు, తమ డబ్బుతో తామే అచ్చు వేయించుకునే కవుల సంపుటాలు, అన్నీ ఈ యంత్రం మీదే. తర్వాత కొత్త కంప్యూటర్లు వచ్చాయి, పని తగ్గింది, ఆయన రేపల్లెలో సొంతింటికి చేరాడు. కంప్యూటరూ వెంట వచ్చింది. కొన్నాళ్లు బల్ల మీద, చాలా ఏళ్లు అటక మీద. విజయదశమికి మాత్రం అటక మీదున్నా దించి తుడిచి కుంకుమ బొట్టు పెట్టేవారు. ఆ బొట్ల మరక క్యాబినెట్ ముందు పలక మీద ఇప్పటికీ ఎర్రగా ఉంది.

ఇళ్లలోని పాత కంప్యూటర్లంటే వేరే దేశాల వాళ్లు చెప్పే కథ వేరు. ఇంగ్లండులో 1982లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రం పిల్లల పడక గదుల్లోకి వెళ్లింది. 16 కేబీ మెమరీతో కొన్నవాళ్లు తర్వాత మూత విప్పి, ఖాళీ సాకెట్లలో చిప్పులు పెట్టుకుని 48 కేబీ చేసుకునేవారు. మన దేశంలోనూ 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రం ప్లస్ పేరుతో దాన్ని అమ్మింది. అంతకు రెండేళ్ల ముందు, 1984-85లో, క్లాస్ పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రోలు వచ్చాయి, ఒక్కోదానికి 32 కేబీ మెమరీ. కానీ తెనాలి, రేపల్లె, బాపట్ల లాంటి ఊళ్లలో కంప్యూటరు ఇంట్లోకి వచ్చిన దారి చాలావరకు వేరు. ముందు దుకాణంలో సంపాదించింది, అలిసిపోయాక ఇంటికొచ్చింది. ఎద్దుకు వయసు మీరితే కబేళాకు ఇవ్వబుద్ధికాక కొట్టంలో ఉంచుకునే రైతులు ఇక్కడ ఉన్నారు. ఆ ఆప్యాయతలో ఒక పాలు ఈ యంత్రాలకూ దక్కింది.

"ఏరా అబ్బాయ్, విప్పితే మళ్లీ బిగించగలవా?"

"బిగిస్తాను మావయ్యా. ఏది ఎక్కడుందో ముందు ఫొటోలు తీస్తా."

"ఫొటోలు తీసుకో. కాయితం మీద కూడా రాసుకో. చేత్తో రాసింది మర్చిపోం."

నాలుగు స్క్రూలు తీసి రేకు మూత వెనక్కి లాగితే మొదట కనిపించింది మట్టి. ఫ్లాపీ పెట్టే సందులోంచి దూరి కుమ్మరి పురుగు కట్టుకున్న గూడు, బొటనవేలంత. దాని వెనక మెత్తటి బూడిదరంగు దుమ్ము, అందులో ఎన్నో ఏళ్ల ప్రెస్సు కాగితం పీచు. దాని కింద ఆకుపచ్చ బోర్డు. అన్నింటికంటే ముందు కంటపడింది కీబోర్డు సాకెట్ పక్కన నీలిరంగు పీపా బ్యాటరీ, దాని రెండు చివర్లా తుప్పు పువ్వు పూసినట్టు తెల్లగా, పచ్చగా. మేనల్లుడి గుండె జారింది. ఈ నికెల్ కాడ్మియం బ్యాటరీలు కారితే క్షారం బోర్డులోకి పాకుతుంది, వెంట్రుకంత రాగి గీతలను తినేస్తుంది. సముద్రానికి దగ్గర్లోని ఊళ్లలో పని ఇంకా త్వరగా అవుతుంది. సూర్యలంక తీరపు గాలి తగిలే బాపట్లలో కిటికీ చువ్వలు ఎంతకాలం నిలుస్తాయో అతను చూస్తూనే ఉన్నాడు. రేపల్లె గాలి అంతకంటే దయగలదేమీ కాదు.

ఏదైనా మార్చే ముందు అసలు ఏముందో తెలియాలి. పాత కంప్యూటర్ల పనిలో ముప్పావు వంతు ఇదే. బోర్డు తయారీదారు పేరు పైన అచ్చయి లేదు. స్విచ్ వేయగానే తెర అడుగున, ఎడమ మూలన, యంత్రాన్ని నిద్రలేపే ప్రోగ్రాము బయోస్ ఒక పొడవాటి అంకెల వరుస చూపించి మాయమైపోతుంది. ఆ వరుస మధ్యలోని అంకెలు బోర్డు ఎవరు చేశారో చెబుతాయి. సరిగ్గా ఆ క్షణంలో పాజ్ మీట నొక్కితే తెర నిలిచిపోతుంది, తీరిగ్గా రాసుకోవచ్చు. ఇక చిప్పుల మీది రాతలు. ముప్పై ఏళ్ల దుమ్ముకూ వేడికీ అవి వెలిసిపోయి నల్లటి మీద నల్లగా ఉన్నాయి. మేనల్లుడు ఫోన్ లైటు పట్టుకుని ఎంత వంగినా కొన్ని కనిపించలేదు. మేనమామ లోపలికెళ్లి ఒక సుద్దముక్క తెచ్చాడు. చిప్పు మీద మెత్తగా రుద్ది, వేలితో తుడిచేసి, లైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోమన్నాడు. చెక్కిన గీతల్లో సుద్ద నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. అరిగిన సీసం అక్షరం ఏదో తేలనప్పుడు ప్రెస్సులో చేసిన పనే అది.

ఆ తర్వాత చదివింది ఆయనే. సీసం అక్షరం ఎప్పుడూ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఇరవై ఏళ్లు తిరగబడ్డ తెలుగు చదివిన కంటికి తలకిందులుగా బిగించిన చిప్పు మీది అంకెలు ఒక లెక్కా? అటు పక్క నిలబడే గబగబా చెప్పేస్తుంటే మేనల్లుడు కాగితం మీద రాసుకుంటూ పోయాడు.

రేపల్లె వచ్చే దారిలోనే భట్టిప్రోలు ఉంది. బాపట్ల నుంచి తెనాలి వెళ్లి, అక్కడ రేపల్లె బండి ఎక్కినవాళ్లు దాన్ని దాటుకునే వస్తారు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వినప్పుడు రాతి పేటికలు, వాటి లోపల స్ఫటికపు భరిణెలు దొరికాయి. పేటికల మీది రాతలను చదివినవాడు జార్జి బ్యూలర్. మిగతా బ్రాహ్మీ శాసనాలతో పోలిస్తే ఇక్కడ కొన్ని అక్షరాలు వేరే రూపంలో ఉన్నాయి. 'మ' అయితే తలకిందులు చేసి పెట్టినట్టే ఉంటుంది. తెలుగు లిపి పూర్వరూపాల కోసం వెతికేవాళ్లు ఆ ఊరి దగ్గర తప్పకుండా ఆగుతారు. పేటికలోని స్ఫటికం కంటే, బంగారు పూల కంటే, అంచు మీది గీతలే ఎక్కువ చెప్పాయన్న సంగతి మేనల్లుడికి ఆ మధ్యాహ్నం పదేపదే గుర్తొచ్చింది. రెండువేల ఏళ్లనాటి పేటికకీ ముప్పై ఏళ్లనాటి రేకు డబ్బాకీ పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. విలువలో పోలిక లేదు. చేతులు చేయాల్సిన పనిలో ఉంది: మూత తీసినవాడు ముందు చదవాలి, తర్వాతే ముట్టుకోవాలి.

చదివితే ఏం తేలింది? దాదాపు ప్రతి చిప్పు మీదా నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి రెండూ సంవత్సరం, చివరి రెండూ అందులో ఎన్నో వారమో. 9408 అంటే 1994లో ఎనిమిదో వారం, ఫిబ్రవరి. బోర్డు మీది చిప్పులన్నీ 1993 చివరి నుంచి 1994 వేసవి మధ్యవి. అన్నింటికంటే కొత్తది 9423. అంటే యంత్రాన్ని ఆ జూన్‌కు ముందు బిగించి ఉండరు. "శ్రావణ మాసం పెళ్లిళ్ల ముందే తెచ్చాను, శుభలేఖల పని ఉందని" అన్నాడు మేనమామ. జాతకం కలిసింది.

మెమరీ దగ్గర కథ చిక్కబడింది. ఎనిమిది సన్నటి పలకలు, ఒక్కొక్కటి 1 ఎంబీ, ముప్పై పిన్నులవి. 486 ప్రాసెసరు ఒకేసారి 32 బిట్లు అడుగుతుంది, ఒక్కో పలక ఇచ్చేది ఎనిమిదే. అందుకే నాలుగేసి కలిపి పెట్టాలి, ఒకటి తక్కువైనా యంత్రం లేవదు. మొదటి నాలుగింటి తేదీలు 1994వి. రెండో నాలుగింటి మీద 9612 అని ఉంది, 1996 మార్చి. రెండేళ్లు నాలుగు ఎంబీతో పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ని ఎలా లాగావని మేనల్లుడు ఆశ్చర్యపోయాడు. పేజీ తిప్పి టీ తాగొచ్చేవాణ్ణని మేనమామ జవాబు. డబ్బులేక అని ఊరుకోవచ్చు. కానీ ఆ రెండేళ్ల వెనక తెనాలికి చాలా దూరంలో జరిగిన సంగతి ఒకటుంది. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. చిప్పులను పోతపోసి మూసే ఎపాక్సీ రెసిన్‌లో ప్రపంచానికి కావాల్సిన పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చేది. మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి, చాన్నాళ్లు దిగలేదు. 1996లో మాత్రం ఉత్పత్తి ఎక్కువై ధరలు కుప్పకూలాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఊరూరి మెకానిక్కు దాకా అందరి చేతుల్లోకీ చవక మెమరీ వచ్చింది. ఆ నాలుగు పలకల మీది 9612 అనే గుర్తులో నీహామా మంటలూ ఉన్నాయి, తెనాలిలో ఒక కంపోజిటరు దాచుకున్న రూపాయలూ ఉన్నాయి. దీన్ని తీసి పారేసి పెద్ద మెమరీ పెట్టడం అప్‌గ్రేడ్ అవుతుందా, చెరిపివేత అవుతుందా?

తర్వాత బయటపడ్డది నొప్పించే విషయం. క్యాబినెట్ ముందు భాగంలో పచ్చటి అంకెలతో '66' వెలుగుతూ ఉంటుంది. 66 మెగాహెర్ట్జ్ వేగమని ఆయన ముప్పై ఏళ్లుగా నమ్మాడు. అలా చెప్పే అమ్మారు. ప్రాసెసరు మీది చిన్న ఫ్యాను క్లిప్పు ఊడదీసి, ఎండిపోయిన జిగురు తుడిచి చూస్తే కింద ఏఎండీ 486 డీఎక్స్-40 ఉంది. 1993లో వచ్చిన రకం, నలభై మెగాహెర్ట్జ్. ఆ క్యాబినెట్లలో ముందున్న అంకెలు వేగాన్ని కొలిచి చూపించవు. వెనక ఉన్న బుల్లి జంపర్లు ఎలా పెడితే అలా వెలుగుతాయి, అంతే. అది కొలత కాదు, అమ్మినవాళ్లు రాసిన చీటీ. ఆ రోజుల్లో ఇలాంటివి ఇంకా జరిగాయి. కొన్ని రకాల బోర్డుల మీద క్యాష్ మెమరీ చిప్పులుగా కనిపించేవి లోపల ఏమీ లేని ఉత్త ప్లాస్టిక్ ముక్కలని తర్వాత బయటపడింది. అందుకే పై రాతను చదివి ఊరుకోకుండా, పరీక్షించే ప్రోగ్రాము నడిపి చూడమంటారు తెలిసినవాళ్లు.

మేనమామ చాలాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. చివరికి, "అయితే ఆ పుస్తకాలన్నీ నలభైతోనే చేశానన్నమాట" అన్నాడు. మేనల్లుడికి ఏం చెప్పాలో తెలియలేదు. చదవడం వల్ల తేలేవి అన్నీ సంతోషపెట్టేవి కావు.

ఒక ఖాళీ స్లాట్ వెనక రేకు పట్టీ లేదు. అక్కడ ఒకప్పుడు ఏదో కార్డు ఉండేదని అర్థం. మేనల్లుడికి వెంటనే జిస్ట్ కార్డు తట్టింది. డాస్ రోజుల్లో తెరంటే ఎనభై గళ్ల అడ్డం, ఇరవై అయిదు గళ్ల నిలువు. ఒక గడిలో ఒక అక్షరం, వీడియో కార్డులో మొత్తం 256 రూపాలు. ఇంగ్లిషుకు అది చాలు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి స మీద గుడిదీర్ఘం, కింద త వత్తు, దాన్ని చుట్టుకునే ర వత్తు కావాలి. ఒక గడిలో ఒక ముద్ర అనే లెక్కకు తెలుగు లొంగలేదు. అందుకని తెలుగును ఒక కార్డు రూపంలో యంత్రంలోకి గుచ్చాల్సి వచ్చింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన ఆ పరిశోధన, 1988లో పుణెలో ఏర్పడిన సీడాక్ చేతుల్లో జిస్ట్ కార్డుగా బయటికొచ్చింది. దాన్ని పెడితే అప్పటికే ఉన్న ఇంగ్లిషు ప్రోగ్రాముల్లోనే భారతీయ లిపులు కనిపించేవి. వెనకున్న సంకేతాలు ఇస్కీ అనే భారతీయ లిపుల ప్రమాణానివి. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు 128 గళ్లు ఇచ్చినప్పుడు ఆ గళ్ల వరుస కూడా ఇస్కీని అనుసరించిందే. తెలుగు కోసం కంప్యూటరు మూత విప్పాల్సిన రోజులవి. అప్‌గ్రేడ్ అనే మాటకు అంతకంటే గొప్ప ఉదాహరణ మన భాషలో ఏముంటుంది? మేనల్లుడు ఉత్సాహంగా అడిగేశాడు. మేనమామ తల అడ్డంగా ఊపాడు. "అది గవర్నమెంటు ఆఫీసుల్లో ఉండేదిరా. మాకెక్కడిది? అక్కడుండేది స్కానరు కార్డు. పాడైపోతే తీసేశాను."

ఆయన తెలుగు ఫ్లాపీల్లో వచ్చింది, అక్షరం ముక్కలను ఇంగ్లిషు గళ్లలో దాచిన ఫాంట్లుగా. వెంట ప్రింటరు పోర్టుకు తగిలించే అగ్గిపెట్టెంత హార్డ్‌వేర్ లాక్. అది లేకపోతే తెలుగు పలకదు. పౌడరు డబ్బాలో దూది మధ్య ఆ లాకును ఇన్నేళ్లూ భద్రంగా దాచాడాయన. ఈ సంగతి తెలిశాకే ఆ యంత్రం ఎందుకు బతకాలో మేనల్లుడికి స్పష్టమైంది. ఆ ఫైళ్లను ఇప్పటి కంప్యూటరులో తెరిస్తే తెలుగు కనిపించదు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ అక్షరాల గుట్ట కనిపిస్తుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, తెలుగు యూనికోడ్ మామూలు కంప్యూటర్లలోకి చేరేలోపు తెనాలి లాంటి ఊళ్లలో అచ్చయినదంతా ఇలాంటి ఫైళ్లలోనే ఉంది. చదవాలంటే ఆ ఫాంటు కావాలి, ఆ లాకు కావాలి, ఆ లాకును గుర్తుపట్టే యంత్రం కావాలి.

పని బ్యాటరీతో మొదలైంది. పీపాను కత్తిరించి తీసేశాక, కారిన క్షారానికి విరుగుడు వంటింట్లోనే దొరికింది. నిమ్మరసం. పాత టూత్‌బ్రష్షుతో చుక్కచుక్కగా రాస్తుంటే పచ్చటి తుప్పు సన్నగా బుసబుసమని నురగ కట్టింది. తర్వాత ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, ఫ్యాను కింద ఒక రాత్రంతా ఆరబెట్టారు. పొద్దున భూతద్దంతో చూస్తే కీబోర్డు సాకెట్ దగ్గర ఒక్క గీత మాత్రం మధ్యలో తెగి ఉంది. వెంట్రుకంత రాగి తీగ ఒకటి వేసి మేనల్లుడు టాంకా పెట్టాడు. ఊపిరి బిగబట్టి చేసిన ఆ పని అర నిమిషం కూడా పట్టలేదు, కానీ ఆ రోజంతా అతనికి అదే గుర్తు. కొత్త బ్యాటరీగా గుండ్రటి నాణెం సెల్ పెట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత బ్యాటరీ ఛార్జి అయ్యే రకం, బోర్డు దానికి కరెంటు పంపుతూ ఉంటుంది. నాణెం సెల్ ఛార్జి కాకూడదు, చేస్తే పగలొచ్చు. అందుకే మధ్యలో ఒక షాట్కీ డయోడు వేసి వెనక్కొచ్చే దారి మూసేయాలి. రెండు రూపాయల ముక్క, కానీ అది మరిస్తే మళ్లీ ఇదే గతి.

మెమరీ పలకల అంచులను రబ్బరుతో రుద్దబోతే మేనమామే ఆపాడు. మన ఊళ్లలో ప్రతి మెకానిక్కూ చేసే వైద్యమే అది, పనీ చేస్తుంది. కానీ ఆ పూత చాలా పలచన, రుద్దిన ప్రతిసారీ కొంత పోతుంది. మెత్తటి గుడ్డతో, కాస్త స్పిరిట్‌తో తుడిచారు.

హార్డ్ డిస్కు తిరుగుతున్నప్పుడు తిరగలి చప్పుడు చేస్తోంది. ఎంతోకాలం ఉండదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు, ఒక్క సెక్టారు వదలకుండా వేరేచోట నకలు తీశారు. దాని స్థానంలో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు. ఇది కొత్త వస్తువని చాలామంది అనుకుంటారు గానీ, శాన్‌డిస్క్ దాన్ని తెచ్చింది కూడా 1994లోనే, ఈ బోర్డు ఈడుదే. పాత ఐడీఈ తీగ మాట్లాడే భాష దానికి పుట్టుకతోనే వచ్చు, మధ్యలో ఒక చవకరకం అడాప్టరు చాలు. పెద్ద కార్డు పెట్టి లాభం లేదు. ఆ కాలపు బయోస్‌కు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు దాటి లెక్క రాదు. ఒక్కో సెక్టారులో పట్టే బైట్లతో కూడా కలిపి గుణిస్తే 52,84,82,304 బైట్లు. 512 ఎంబీ కార్డు ఆ గీత లోపలే కూర్చుంది. క్యాబినెట్ మీది పాత కాగితం ముక్కను మేనల్లుడు చింపలేదు. దాని కింద కొత్త అంకెల కాగితం అంటించాడు.

ప్రాసెసరు సంగతి మిగిలింది. బాపట్లలో ఒక ల్యాబ్ పాత సామాను అమ్మేసినప్పుడు దొరికిన ఇంటెల్ 486 డీఎక్స్2-66 మేనల్లుడి సంచిలో సిద్ధంగా ఉంది. అదే సాకెట్, అదే 5 వోల్టులు. తర్వాత వచ్చిన డీఎక్స్4 అయితే 3.3 వోల్టులది, ఇక్కడ పెడితే కాలిపోతుంది. ఇది మాత్రం సరిపోతుంది. రెండు జంపర్లు మార్చి బోర్డు వేగం 40 నుంచి 33కి దించితే, లోపల అది రెట్టింపై 66 అవుతుంది. ముప్పై ఏళ్ల అబద్ధం ఒక్క పూటలో నిజమవుతుంది. ఇందులో న్యాయం కూడా ఉందనిపించింది అతనికి, డబ్బు కట్టిన వస్తువు ఇన్నాళ్లకైనా చేతికి వచ్చినట్టు. కానీ నిజంగా ఎవరికి న్యాయం? తెనాలిలో సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత వాహనాల నట్లు, బోల్టులు, గొలుసులు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. అక్కడ ప్రతి ముక్కా తన పాత పేరు వదిలేసి కొత్త శరీరంలో కలిసిపోవాలి, ఆ కళకు అదే అందం. ఈ రేకు డబ్బాకు కావాల్సింది దానికి ఎదురు. ఇందులో ప్రతి ముక్కా తన పేరు తాను నిలుపుకుంటేనే తెనాలిలో ఆ కొన్నేళ్ల అచ్చుపని ఎలా సాగిందో తెలుస్తుంది.

"నలభై ఉండనీరా" అన్నాడు మేనమామ. "ముందున్న ఆ అంకె మార్చగలవేమో చూడు."

ముందు పలక ఊడదీసి వెనక జంపర్ల వరుస బయటపెట్టారు. ఒక్కో అంకెకు ఏడు వెలుగు గీతలు, ఒక్కో గీతకు ఒక్కో జంపరు. మొదటి ఆరును నాలుగు చేయాలంటే పైగీత, అడుగు గీత, ఎడమ కింది గీత ఆర్పి కుడి పైగీత వెలిగించాలి. రెండో ఆరును సున్నా చేయడానికి నడుమ గీత ఆర్పి, కుడి పైగీత వెలిగిస్తే సరి. మొత్తం ఆరు మార్పులు. బియ్యపు గింజంత జంపర్లను పట్టుకోవడానికి మేనల్లుడి వేళ్లు తడబడుతుంటే మేనమామ తన పాత చిమటా తెచ్చాడు, ఫారంలో తప్పు పడ్డ సీసం అక్షరాన్ని పైకి లాగేది. ఆరూ ఆయనే మార్చాడు. స్విచ్ వేస్తే పచ్చగా '40' అని వెలిగింది.

తేదీ అడిగినప్పుడు ఆ రోజు తేదీ కొట్టారు. కట్టేసి, పది నిమిషాలాగి, మళ్లీ వేశారు. తేదీ నిలిచింది.

ఇక ఫైళ్లు. జాబితా వేస్తే 1995, 1996, 1997 అని వరసగా వచ్చి, ఒకచోట నుంచి అన్నీ 1980 జనవరి 1 అయిపోయాయి. బ్యాటరీ నీరసించిన రోజులవి. గడియారం ప్రతిసారీ అర్ధరాత్రి నుంచి మొదలైంది కాబట్టి ఒక శుభలేఖ 12:14కి, ఇంకొకటి 12:52కి, ఒక కవితా సంపుటి ముఖచిత్రం 12:31కి. అన్నీ ఒకే అర్ధరాత్రి చేసినట్టు. వాటిలో ఏది ముందో ఏది వెనకో ఇక ఎప్పటికీ చెప్పలేం. మేనమామ వాటిని వదిలేసి 1996 మే నాటి ఫైలొకటి తెరిచాడు. పేజ్‌మేకర్ తీరిగ్గా లేచింది. లాకును పలకరించింది. గులాబీరంగు శుభలేఖకు వేసిన అక్షరాలు గీత గీతగా తెర మీదికి వచ్చాయి, అంచుల్లో మామిడి తోరణం బొమ్మ, నడుమ వధూవరుల పేర్లు, కింద ముహూర్తం.

ఆయన కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందికి, ప్రూఫు చూసినట్టే, వేలుతో తెర మీద గీస్తూ చదివాడు. వేలు ఒకచోట ఆగింది. పెళ్లికొడుకు వాళ్ల ఊరు 'భటిప్రోలు' అని ఉంది. ట కింద వత్తు లేదు.

"అచ్చయిపోయి ఉంటుందిగా మావయ్యా అప్పుడే."

"అయిపోయే ఉంటుంది" అంటూ కర్సరు అక్కడికి జరిపి వత్తు వేశాడు. సేవ్ మీదికి మౌసు తీసుకెళ్లి ఆగాడు. "దీన్నిలా సేవ్ చేస్తే పాత తేదీ పోతుందిగా?"

"పోతుంది."

ఆయన కాసేపు ఆలోచించి సేవ్ యాజ్ తెరిచాడు. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు కదా, రెండు వేళ్లతో ఒక్కో మీటా వెతుక్కుంటూ ఇంగ్లిషు అక్షరాల్లో 'భట్టి2' అని కొట్టి ఎంటర్ నొక్కాడు.